పరభాషలో దినచర్య పుస్తకం: విదేశ విద్యార్థికి ఒక అభ్యాసం

ఉపోద్ఘాతం

ఉన్నత విద్యకై దేశాంతరం వెళ్ళే విద్యార్థి తన పెట్టెలో ఏమేమి సర్దుకొంటాడో మనకందరికీ తెలిసినదే. ధ్రువపత్రాలు, చలి దుస్తులు, ప్రెషర్ కుక్కర్, అమ్మ మూట కట్టి ఇచ్చిన పచ్చళ్ళు, పొడులు. వీటితోబాటు ఒక చిన్న ఖాళీ పుస్తకం కూడ అతని వెంట ఉండాలనీ, అందులో అతడు వెళ్ళిన దేశపు భాషలోనే తన రోజువారీ పనులను వ్రాసుకోవాలనీ ఈ వ్యాసంలో మనవి చేయదలచినాను.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి నేడు విదేశాలకు వెళ్ళే విద్యార్థుల సంఖ్య తక్కువేమీ కాదు. తెలంగాణ ప్రభుత్వం అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు విదేశ విద్యకై ఆర్థిక సహాయ పథకాన్ని 2015లో ప్రవేశపెట్టిన పిదప మన కళాశాల వంటి సంస్థలలో చదివినవారికి కూడ ఆ దారి తెరుచుకొన్నది. అయినను ఆ ప్రయాణం వెనుక తాకట్టుపడిన మెట్టచెలక, బ్యాంకు అప్పు, గల్ఫ్ దేశంలో తండ్రి ఎండలో పడిన శ్రమ ఉంటవి. అక్కడ ఒక గడువు తప్పితే ఆరు నెలలు పోవచ్చును. కనుక తారీఖును సరిగా వ్రాసుకోవడం, వ్రాసుకొన్నదానిని సరిగా చదువుకోవడం అల్పవిషయం కాదు.

దినచర్య పుస్తకం అనగానేమి?

మనం సాధారణంగా డైరీ అని పిలిచేది జరిగిన దినాన్ని గూర్చి వ్రాసేది. ఉర్దూలో దీనిని రోజ్‌నామ్చా అంటారు. జరగవలసిన దినాన్ని గూర్చి ముందుగా వ్రాసుకొనేది వేరొకటి కలదు. ఏ గంటకు ఏ తరగతి, ఏ తేదీలోగా ఏ రుసుము, ఎవరిని కలవాలి, ఏ పుస్తకం తిరిగి ఇవ్వాలి అనే వివరాలు అందులో ఉంటవి. దీనినే నేను దినచర్య పుస్తకం అంటున్నాను. డైరీకి భావావేశం కావాలి, భాషపై పట్టు కావాలి. దినచర్య పుస్తకానికి రెండు మూడు మాటలు చాలును. పైగా ఆ మాటలు ప్రతి దినం మరల మరల వస్తవి. కొత్త భాషను ఆరంభించేవానికి ఇంతకంటె అనువైన స్థలం మరొకటి లేదు.

ఇంకొక విశేషమున్నది. వ్యాసంలో తప్పు వ్రాస్తే దిద్దడానికి ఉపాధ్యాయుడు కావాలి. దినచర్య పుస్తకంలో తప్పు వ్రాస్తే మరునాటి ఉదయమే లోకం దానిని దిద్దుతుంది. బస్సు వెళ్ళిపోయి ఉంటుంది, లేదా తరగతి తలుపు మూసి ఉంటుంది. ఆ దిద్దుబాటును ఎవరూ మరువలేరు.

చేతిలో ఫోను ఉండగా పుస్తకమెందుకని విద్యార్థులు అడుగవచ్చును. ఫోను మనకు గంట మ్రోగించి గుర్తుచేస్తుంది, నిజమే. కాని అది గుర్తు పెట్టుకొన్నందువలన మనం గుర్తు పెట్టుకోము. చేత్తో వ్రాసిన మాట కంటికి, చేతికి, చెవికి కూడ చేరుతుంది. రెండూ ఉంచుకొనుడు, ఒకటి గడువు కొరకు, రెండవది భాష కొరకు.

మన నేలపై ఇది కొత్త కాదు

1956 వరకు మన రెండు జిల్లాలు హైదరాబాదు రాష్ట్రంలోనివి. అక్కడ కచేరీ వ్యవహారం తొలుత పారశీకంలోను, 1880వ దశకం నుండి ఉర్దూలోను సాగినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య కూడ ఉర్దూ మాధ్యమంలోనే నడిచినది. తెలుగు ఇంట పుట్టినవాడు తన కొలువు పనిని ఇంకొక భాషలో వ్రాసుకొనడం ఇచ్చట సర్వసాధారణం. మహబూబ్‌నగర్ సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఉర్దూ, పారశీక, సంస్కృత, ఆంగ్ల భాషలను అభ్యసించి, 1926లో తెలుగులో గోలకొండ పత్రికను స్థాపించినారు. పరభాషలు నేర్చినందువలన వారి తెలుగు తరిగిపోలేదు.

ఆ వ్యవహారం మన భాషలో మిగిల్చిన గుర్తులను చూడుడు. రోజు, తారీఖు, వాయిదా, హాజరు, జమ, ఖర్చు, బాకీ, కిస్తు, రసీదు. ఇవన్నియు అరబ్బీ, పారశీక మూలాలు గల మాటలు. నేడు చదువురాని రైతు కూడ వీటిని తెలుగుమాటలుగానే పలుకుతాడు. గమనించదగిన విషయమేమనగా ఇవన్నీ గడువుకు, లెక్కకు, రోజుకు సంబంధించినవే. పరభాష మన ఇంటిలోనికి కావ్యాల ద్వారా కంటె ముందు రోజు లెక్కల ద్వారా ప్రవేశించినదని దీనివలన తెలియుచున్నది. మన పూర్వులకు తెలియకుండానే జరిగిన ఈ పనిని మన విద్యార్థి తెలిసి చేయాలి. అంతే భేదం.

స్వానుభవం

ఈ విషయంలో నాకు పాఠం నేర్పినది ఒక చీటీ. మా ఇంటి భాష ఉర్దూ. ఎం.ఏ. తెలుగు చదవడానికి విశ్వవిద్యాలయ వసతి గృహంలో చేరినపుడు తరగతిలో తెలుగు, గదిలో ఉర్దూ నా వాడుక. ఒకనాడు ఇంటినుండి కబురు వచ్చి హఠాత్తుగా ఊరికి బయలుదేరవలసి వచ్చినది. పరీక్ష రుసుముకు మరునాడు ఆఖరు దినం. డబ్బు పెట్టెలో ఉంచి, నా గదిలో ఉండే పాలమూరు మిత్రునికి ఉర్దూలో "ఫీజ్, కల్" అని చీటీ వ్రాసి పెట్టి వెళ్ళినాను. రేపు కట్టుమని నా భావం. ఉర్దూలో కల్ అనగా రేపు అనీ అర్థమే, నిన్న అనీ అర్థమే. నా మిత్రుడు దానిని "నిన్ననే కట్టినాను" అని గ్రహించి నిశ్చింతగా ఉన్నాడు. నేను తిరిగి వచ్చేసరికి గడువు దాటినది. అపరాధ రుసుము కట్టవలసి వచ్చినది. ఆ సొమ్ము కొరకు మా నాన్నగారు పొరుగువారి గడప ఎక్కిన సంగతి నాకు చాలా కాలం తరువాత తెలిసినది.

ఇందులో దోషం ఉర్దూది కాదు. "దేనా హై" అని క్రియ చేర్చి ఉంటే ఏ సందేహమూ లేదు. తారీఖు వేసి ఉన్నా సరిపోయేది. ఆ రెండూ మానినవాడను నేనే. పర్సోం అనే మాటను మన హైదరాబాదువారు ఆరు నెలల క్రిందటి సంగతికి కూడ వాడుతారని హాస్యమాడుతాము. తెలుగులో మొన్న అనే మాటకూ అటువంటి విస్తారమే కలదు. మాటలాడునపుడు ఇది ఇబ్బంది పెట్టదు, ఎదుటివాడు అడిగి తెలిసికొంటాడు. కాగితాన్ని మాత్రం ఎవరూ అడుగలేరు.

ఆనాటినుండి నేను ఒక పుస్తకం కొని, అంకెలలో తారీఖు వేసి, తెలుగులో పని వ్రాయసాగినాను. పని ముందున్నపుడు "కట్టాలి" అని, ముగిసిన పిదప దానిని కొట్టివేసి "కట్టాను" అని. "ఇవ్వాలి, ఇచ్చాను, తేవాలి, తెచ్చాను, చూడాలి, చూశాను." తెలుగు క్రియారూపాలు నా చేతికి స్వాధీనమైనది వ్యాకరణ గ్రంథంలో కాదు, ఆ గీతల పుస్తకంలోనే. విదేశం వెళ్ళకుండానే నేను పరభాషలో దినచర్య వ్రాసిన విధమిది.

పెద్దల ఉదాహరణలు

1888లో గాంధీజీ న్యాయశాస్త్రం చదవడానికి లండను వెళ్ళినారు. ఓడలో ఇంగ్లీషు మాట్లాడడానికి జంకి తోటి ప్రయాణికులకు దూరంగా గడిపిన యువకుడు ఆయన. అటువంటివాడు ఆ ఏడు నవంబరు 12న ఇంగ్లీషులోనే దినచర్య వ్రాయ మొదలుపెట్టినారు. అందులో కొన్ని పుటలు మాత్రమే నేడు లభ్యం. అంతేకాక, అక్కడ తాను ఖర్చుచేసిన ప్రతి చిల్లర నాణేనికి లెక్క వ్రాసుకొన్నట్లు ఆత్మకథలో చెప్పినారు. భాష వచ్చిన తరువాత వ్రాద్దామని ఆయన ఆగలేదు.

మహాకవి ఇక్బాల్ 1905లో కేంబ్రిడ్జికి వెళ్ళి, 1907లో హైడెల్‌బెర్గ్ నగరంలో జర్మన్ నేర్చుకొన్నారు. తనకు ఆ భాష నేర్పిన ఎమ్మా వేగెనాస్ట్‌కు జర్మన్‌లోనే ఉత్తరాలు వ్రాసినారు. స్వదేశానికి వచ్చిన పిదప 1910లో ఒక నోటు పుస్తకం తెరచి తన ఆలోచనలను ఇంగ్లీషులో వ్రాసుకొన్నారు. అది 1961లో అచ్చయినది. ఉర్దూ, పారశీక కవిత్వానికి శిఖరమైనవాడు పొడి వాక్యాలు వ్రాసుకొనడానికి పరభాషను చేపట్టుటలో చిన్నతనం చూడలేదు.

మన గురజాడ అప్పారావుగారు విదేశం వెళ్ళలేదు. అయినను వారి దినచర్యలలో అధికభాగం ఇంగ్లీషులో ఉన్నది. ఆ దినచర్యలు వ్రాసిన చేయే కన్యాశుల్కం వ్రాసి, వాడుక భాషకు గౌరవపీఠం వేసినది. పరభాషలో రోజు లెక్క వ్రాసినవాడు తన భాషను మరచిపోతాడనే భయానికి ఇంతకంటె సమాధానమక్కరలేదు.

భాషలో దాగిన గడియారం

ప్రతి భాష కాలాన్ని తనదైన తీరులో కొలుస్తుంది. ఈ భేదాలను నిఘంటువు చెప్పినా మనసు పట్టించుకొనదు, దినచర్య పుస్తకం పట్టించుకొనేట్లు చేస్తుంది. మన విద్యార్థులు అధికంగా వెళ్ళే దేశాలనుండి కొన్ని ఉదాహరణలు చూతము.

గంట: మనం ఏడున్నర అంటాము, ఉర్దూలో సాడే సాత్. రెండింటిలోను ఏడు దాటినదన్నదే భావం. జర్మన్‌లో ఇదే సమయాన్ని "హాల్బ్ ఆహ్ట్" అంటారు. మాటకు మాట అర్థం చెప్పితే "సగం ఎనిమిది". ఎనిమిదవ గంటలో సగం నడిచినదని వారి లెక్క. రష్యన్‌లోను ఇదే పద్ధతి. మన ప్రాంతపు విద్యార్థి ఒకడు ఈ మాటను ఎనిమిదిన్నరగా వ్రాసుకొని, ఒక కార్యాలయానికి గంట ఆలస్యంగా వెళ్ళి, మరొక తేదీకై ఐదు వారాలు వేచి ఉండవలసి వచ్చినదని నాకు చెప్పినాడు. వారు చెప్పిన మాటను, దాని ప్రక్కన 7:30 అనే అంకెను కలిపి వ్రాసి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు.

జర్మన్ విశ్వవిద్యాలయాల కాలపట్టికలో 10 సి.టి. అని ఉంటే తరగతి పది పదిహేనుకు మొదలవుతుంది. ఎస్.టి. అని ఉంటే సరిగా పదికే. ఇవి "కాలంతో", "కాలం లేకుండా" అనే లాటిన్ మాటలకు సంక్షేపాలు. రెండక్షరాలలో పావుగంట దాగి ఉన్నది.

అంకె: జర్మన్‌లో నలభై ఏడును "ఏడు మరియు నలభై" అని చెప్తారు. తెలుగు చెవి ముందుగా ఏడు విని 74 అని వ్రాసే ప్రమాదం కలదు. ఉర్దూ విద్యార్థికి ఇది కొంత సుపరిచితం. సైంతాలీస్‌లోను ముందు వినిపించేది ఏడే కదా! ఇక అమెరికాలో 5/6 అని వ్రాస్తే మే నెల ఆరవ తేదీ, మన లెక్కలో జూన్ ఐదు. కనుక నెలను అంకెతో కాక పేరుతో వ్రాయడమే క్షేమం.

వారం: పారశీకంలో పంజ్‌షంబా, అరబ్బీలో ఖమీస్, రెండింటిలోను అయిదు అనే సంఖ్య ఉన్నది, రెండూ గురువారమే. రష్యన్‌లో అయిదు అనే సంఖ్యనుండి పుట్టిన "ప్యాత్నిత్స" మాత్రం శుక్రవారం. కారణం సులభం. మొదటివారి లెక్క ఆదివారంతోను, రష్యన్ల లెక్క సోమవారంతోను మొదలవుతుంది. జర్మనీలో వారాలకు సంవత్సరం పొడుగునా వరుస సంఖ్యలు ఉంటవి. పని 24వ వారంలో అని చెప్పి ఊరకుంటారు. సంవత్సరపు మొదటి గురువారం ఏ వారంలో పడునో అది వారికి ఒకటవ వారం, సోమవారం దాని తొలి దినం.

మరొక ఆనందకరమైన సంగతి. జర్మన్లు తమ పుస్తకంలో పనిని వ్రాసుకొనే తీరు మన వాక్యనిర్మాణానికి దగ్గర. ఇంగ్లీషులో క్రియ ముందు, వస్తువు వెనుక. జర్మన్ చీటీలో "మీటె బెట్సాలెన్", అనగా అద్దె కట్టడం. "బూఖ్ ఆబ్‌గేబెన్", అనగా పుస్తకం అప్పగించడం. తెలుగులోవలె, ఉర్దూ "కిరాయా దేనా"లోవలె వస్తువు ముందు, క్రియ చివర. పని ముగిసిన పిదప "మీటె బెట్సాల్ట్" అని మార్చితే, అద్దె కట్టబడినది. నేను తెలుగులో కట్టాలి, కట్టాను అని నేర్చిన పాఠమే ఇది.

అభ్యాస పద్ధతి

ఈ క్రింది నియమాలు ఆచరణకు సులభమని భావిస్తున్నాను.

1. ప్రతి పుట శిరస్సున వారం పేరు ఆ దేశపు భాషలో, తేదీ అంకెలో, నెల అక్షరాలలో వ్రాయాలి. రేపు, ఎల్లుండి అనే మాటలు ఏ భాషలోను వాడరాదు.

2. ఒక్కొక్క పనికి ఒక్క పంక్తి. అందులో సమయం, వస్తువు, క్రియ తప్పక ఉండాలి. క్రియ లేని పంక్తి నా చీటీవంటిది.

3. ముందు తెలుగులోనో ఉర్దూలోనో ఆలోచించి అనువదించరాదు. అక్కడి నోటీసుపై, కాలపట్టికలో ఉన్న మాటనే ఎత్తి వ్రాయాలి. మన అనువాదం తప్పు కావచ్చును, గోడమీది మాట ఆ దేశస్థులది.

4. రాత్రి పడుకొనబోవు ముందు ఐదు నిమిషాలు. ముగిసిన పనులను భూతకాలంలోనికి మార్చాలి. మిగిలినవాటిని మరుపుటలో చేత్తో మరల వ్రాయాలి. రెండు మూడు మారులు వాయిదా పడిన పని మన బద్ధకాన్ని చూపుతుంది, ఆ మాటను మాత్రం శాశ్వతంగా నేర్పుతుంది.

5. వారానికొకసారి ఆ దేశపు సహాధ్యాయికి ఒక పుట చూపి దిద్దించుకోవాలి. ఇందులో రహస్యాలేవీ ఉండవు గనుక సంకోచం అక్కరలేదు. స్నేహానికి కూడ ఇది మార్గం.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరం. మందు మోతాదు, అద్దె ఒప్పందం, వీసా గడువు, పరీక్ష నమోదు, ఈ నాలుగింటిని మొదటి సంవత్సరమంతా రెండు భాషలలోను వ్రాయాలి. జర్మనీలో కొత్త ఇంటిలో చేరిన రెండు వారాలలోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలని చట్టం. అక్కడి అనేక విశ్వవిద్యాలయాలలో తరగతికి హాజరైనంత మాత్రాన పరీక్షకు అర్హత రాదు, నిర్ణీత దినాలలో పరీక్షకు వేరుగా పేరు నమోదు చేసుకోవాలి. భాష నేర్చుకొనాలనే ఉత్సాహంలో ఇటువంటి వాటిని పందెంలో పెట్టరాదు.

స్వభాషకు స్థానమెక్కడ?

దినమంతా పరభాషలోనే గడిస్తే మనసు ఎండిపోదా అని ఒక పెద్దమనిషి నన్నడిగినారు. సముచితమైన ప్రశ్న. పుస్తకాన్ని రెండు వైపులనుండి తెరవవచ్చునని నా సమాధానం. ఉర్దూ కుడినుండి, తెలుగు ఎడమనుండి మొదలగునన్న సంగతి మన కళాశాల విద్యార్థికి చెప్పనక్కరలేదు. ఈ సంచిక కూడ అట్లే రెండు వైపులనుండి తెరచుకొంటున్నది. పనిని ఒకవైపునుండి పరభాషలో వ్రాయుడు. ఇంటిబెంగ, అమ్మకు చెప్పదలచిన మాట, చూచిన వింత, పడిన అవమానం, వీటిని రెండవవైపునుండి తల్లిభాషలో వ్రాయుడు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా ఇంగ్లీషుతోనే బ్రతికినవారు. అయినను 1830 మే నుండి 1831 సెప్టెంబరు వరకు సాగిన కాశీయాత్రను తెలుగులో దినదినమూ వ్రాసినారు. అది 1838లో అచ్చయి తెలుగువారి సొత్తయినది. కొలువుకు ఒక భాష, మనసుకు ఒక భాష అని ఆయన వాటా వేసినట్లున్నది. ఆ వాటా మనకు కూడ మేలైనదే.

ముగింపు

విద్యార్థులారా! విమానం ఎక్కేదాకా ఆగవలసిన పనిలేదు. ఉర్దూ ఇంటి విద్యార్థి నేటినుండి తన దినచర్యను తెలుగులో వ్రాయవచ్చును. తెలుగు ఇంటి విద్యార్థి ఉర్దూలో వ్రాయవచ్చును, లిపి తొందర పెడితే మొదట పది మాటలతో ఆరంభించవచ్చును. ఇద్దరూ ఇంగ్లీషులో వ్రాయవచ్చును. ఒకే బల్లపై కూర్చొనే మీరు ఒకరి పుట ఒకరు దిద్దుకొంటే అదే మొదటి విదేశయాత్ర. నల్లగొండలో చేతికి అలవాటైన పని మ్యూనిక్‌లోనైనా మాస్కోలోనైనా చెయ్యి తనంతట తానే చేస్తుంది.

కళాశాల కార్యవర్గానికి నాదొక విన్నపం. కొత్తగా చేరే ప్రతి విద్యార్థికి ప్రవేశపత్రంతోబాటు ఒక గీతల పుస్తకం ఇప్పించగలరు. దాని మొదటి పుటలో పరీక్ష రుసుము, ఉపకార వేతన దరఖాస్తు తేదీలను తెలుగు, ఉర్దూ రెండు భాషలలోను అచ్చువేయిస్తే చాలును. దాని వెల స్వల్పం. ఆ ఆఖరు తేదీ ఎరుగక రుసుము తప్పి, తండ్రిని పొరుగు గడపకు పంపే విద్యార్థి ఒక్కడు తగ్గినా ఆ ఖర్చు సార్థకమైనట్లే.